తోలు ముట్టని వేళ్లు

మా వాడకట్టులో జంగయ్య వేళ్ల గురించి ఆయన కంటే మాకే ఎక్కువ బెంగ ఉండేది. ఆయన చిటికి కట్టి, రంగు అద్ది ఇస్తేనే ఆ పట్టు నా మగ్గం మీదికి వచ్చేది. చిటికి తెలియని వాళ్ల కోసం ఒక్క మాట చెప్పాలి. మేము బట్ట నేశాక బొమ్మలు వేయం. నేయకముందే పోగులను చట్రానికి సాగదీసి, చిలుక ఎక్కడ రావాలో, దాని ముక్కు ఎటు తిరగాలో లెక్క చూసుకుని, సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నటి రబ్బరు పేలికలతో అక్కడక్కడా బిగించి కడతాం. కట్టిన చోట రంగు ఎక్కదు. ముడి వెంట్రుకవాసి వదులైనా రంగు లోపలికి పాకి చిలుక ముక్కు కాకి ముక్కవుతుంది. ఆ తర్వాత నేను తలకిందులుగా తపస్సు చేసి నేసినా ఆ కాకి మళ్లీ చిలుక కాదు.

పట్టుకు గరుకు వేలు గిట్టదు. వేలి మీద చిన్న పెచ్చు లేచినా పోగు తగులుకుంటుంది, తెగుతుంది. అందుకే జంగయ్య కట్టెలు కొట్టడు, మట్టి ముట్టడు, బావిలో చేద వేయడు. పొద్దున, సాయంత్రం వేళ్లకు కొబ్బరినూనె రాసుకుంటాడు. "ఏందన్నా, పెండ్లికొడుకు లెక్క తయారైతున్నవ్" అని మేమంతా ఆట పట్టించేవాళ్లం. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆయన పెళ్లి కుదిరిందే ఆ వేళ్ల మీద. ఆయన భార్య శ్యామలమ్మ వదిన తండ్రి కూడా చిటికి కట్టినవాడే. పిల్లవాడిని చూడడానికి వచ్చి ఇల్లు చూడలేదు, జాగా ఎంతుందని అడగలేదు. చొక్కా జేబులోంచి ఒక పట్టుపోగు తీసి, జంగయ్య చెయ్యి పట్టుకుని, ఒక్కో వేలి కొస మీదుగా మెల్లగా లాగి చూశాడట. ఎక్కడా తగులుకోలేదు. "ఇంక మాట్లాడేదేం లేదు, పిల్లనిస్తున్న" అన్నాడట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా వదిన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఇప్పుడు చెప్పడం మానేసింది.

మాది చౌటుప్పల్ నుంచి కొంచెం లోపలికి వచ్చే ఊరు. రోడ్డు పొడుగునా ఫార్మా కంపెనీలు, ప్లాట్ల రాళ్లు, వాటి మధ్యలో మేము. కరోనా వెళ్లిపోయాక మా చీరలకు గిరాకీ రాలేదు. మా చిలుకలనూ మా ఏనుగులనూ మిషన్ల మీద అచ్చేసి అంగట్లో గుట్టలు పోస్తున్నారు. కొనేవాళ్లకు తేడా తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. పట్టు ఇచ్చి నేయించుకునే సావుకారు ఒక చట్రం పనికీ ఇంకో చట్రం పనికీ మధ్య వారాలు గడిపేవాడు. కుర్రవాళ్లు మగ్గం గుంతల్లో కట్టెలు పేర్చి కంపెనీ బస్సు ఎక్కారు.

మనుషులు తగ్గితే కోతులు పెరిగాయి. అవి మా వాడ మీద పడి బతికేవి. తెల్లారి వీధిలో పడుగు సాగదీసి ఆరబెడితే దాని మీద ఉయ్యాలలూగేవి. ఒకసారి జంగయ్య ఎంతో కష్టపడి కట్టిన చట్రాన్ని ఒక ముసలి కోతి ఒళ్లో పెట్టుకుని పేలు చూసినట్టు ముడులన్నీ విప్పింది. ఆ రోజు ఆయన వెదురు బద్ద వంచి విల్లు చేశాడు. పుల్లకు కొసన గుడ్డ ఉండ కట్టాడు, చంపకూడదు కదా. వేళ్లకు పాత ధోవతి పేలిక చుట్టుకుని లాగేవాడు. మొదట గోడలకు తగిలాయి, తర్వాత కోతులకు తగిలాయి. కొన్నాళ్లకు ఏ కోతికి ఎక్కడ తగలాలని ఆయన అనుకుంటే అక్కడే తగిలేది. పోగు లెక్క చూసిన కన్ను కదా.

ఆ చూపే ఆయన కొంప ముంచింది.

హైవే పక్కన పట్నం వాళ్ల కోసం ఒక రిసార్టు వెలిసింది. ఎడ్లబండి ఎక్కడం, జొన్నరొట్టె తినడం, కుండ చేయడం, బాణం వేయడం, అన్నీ అక్కడ టికెట్టు మీద దొరుకుతాయి. దాని మేనేజరు విజేందర్ హాలియా దిక్కు వాడు, మాట తీపి, మనిషి చురుకు. ఒక మూలన చూపుకు పెట్టడానికి పాత మగ్గం కావాలని మా వాడకు వచ్చాడు. కంపెనీకి పోతున్న ఒకడి మగ్గం విప్పి ట్రాలీ ఎక్కిస్తుండగా జంగయ్య విల్లు ఎత్తి చింతచెట్టు మీది కోతిని కొట్టడం చూశాడు.

"పెద్దాయనా, గీ చెయ్యి మా రిసార్టుల ఉండాలె. శనారం, ఐతారం వస్తే చాలు" అన్నాడు.

"నేను నేతోన్ని సార్. కోతులను బెదిరిస్త, గంతే."

"గాడ కోతులుండయి, కుండలుంటయి. కుండ ఉరకది గూడ" అని నవ్వాడు విజేందర్.

జంగయ్య గడపలో నిలబడ్డ శ్యామలమ్మ వదిన ముఖం చూశాడు. వదిన ఖాళీ చట్రం వైపు చూసింది. ఒప్పుకున్నట్టే అయింది.

మొదటి ఆదివారం నేనూ వెంట వెళ్లాను. ఆయనకు నడుముకు ఆకుపచ్చ గుడ్డ కట్టారు, తలకు ఈకలు చుట్టారు, బుగ్గల మీద సున్నం గీతలు గీశారు. పైన చొక్కా లేదు. అడవి మనిషట! అడవిలో బతికేవాళ్లు అలా ఉంటారని ఎవరు చెప్పారో ఆ విజేందర్‌కే తెలియాలి. ఎదురుగా తాళ్లకు చిన్న కుండలు వేలాడుతున్నాయి. ఆయన బాణం వేసి కుండ పగలగొడితే పట్నం వాళ్లు చప్పట్లు కొట్టి, తర్వాత తాము వేయడానికి వరుస కడతారు.

ఆ వరుస పక్కన ఒక చెక్కకు కొక్కేలు కొట్టి, వేళ్లకు పెట్టుకునేవి తగిలించారు. మూడు వేళ్లకు తొడిగే తోలు గ్లౌజులు ఉన్నాయి. అరచేతిలో ఇమిడే చదునైన తోలు పట్టీలు ఉన్నాయి. చిన్నపిల్లలకైతే విల్లు తాడుకే మెత్తటి రబ్బరు గొట్టాలు గుచ్చారు. వచ్చినవాళ్లు తమ బట్టలకు ఏ రంగు నప్పుతుందో చూసుకుని ఎంచుకుంటున్నారు. దూది లాంటి విల్లు, నాలుగు బాణాలు, దానికి ఇంత ఏర్పాటు. జంగయ్య విల్లు మాత్రం కుండ పగలాలని గట్టి వెదురుతో చేసింది, తాడు నైలాన్‌ది. దినమంతా లాగాలి.

ఆయన తెలివిగా తన పనిముట్టు తాను తెచ్చుకున్నాడు. చిటికి కట్టే ట్యూబు పేలికలను మూడు వేళ్లకు చుట్టుకున్నాడు. కానీ రబ్బరు తాడును పట్టుకుంటుంది, వదలదు. బాణం పక్కకు దూకి కుండను వదిలి గడ్డివాములో గుచ్చుకుంది. జనం నవ్వారు. విజేందర్ పరుగున వచ్చాడు.

"గిదేంది నల్లగ? దెబ్బ తాకినోని లెక్క కనవడ్తున్నవ్. తీసెయ్. అడివి మనిషి ఏళ్లకు ట్యూబు చుట్టుకుంటడా?"

"ఏళ్లు కోసుకపోతయి సార్. ఇంటికాడ పట్టు పని ఉంటది నాకు."

"జర ఓర్చుకో పెద్దాయనా. ఫోటోల ఒరిజినల్ ఉండాలె."

ఒరిజినల్ అట. సున్నం గీతలు ఒరిజినల్, ఈకలు ఒరిజినల్, ఆ మనిషి వేళ్లు మాత్రం అబద్ధం! నాకు ఒళ్లు మండింది. జంగయ్య పేలికలు విప్పి మొలలో దోపుకున్నాడు. సాయంత్రానికి మూడు వేళ్ల కొసలూ ఉబ్బి ఎర్రబడ్డాయి.

తిరిగి వచ్చేటప్పుడు ఆయనను చౌటుప్పల్‌లో బస్సు దింపి, ఇస్రాయేలు దగ్గరికి లాక్కుపోయాను. ఇస్రాయేలు రోడ్డు పక్కన చెప్పులు, సంచులు కుడతాడు. సంగతంతా విని, జంగయ్య చేతిని దూరం నుంచే చూసి, పలచటి మేకతోలు ముక్క తీశాడు. రెండు పొరలు అతికి, బాణం ఇమిడే చోట చీలిక పెట్టి, నడిమి వేలికి ఉచ్చు కుట్టాడు. రంగు సరిగ్గా మనిషి చర్మం రంగు. ఫోటోలో చచ్చినా కనబడదు. విజేందర్ గొడవ కూడా తీరినట్టే. నేను పెట్టుకుని చూశాను, వేలికి వేలే పుట్టినట్టు ఉంది.

జంగయ్య మాత్రం చెయ్యి చాచలేదు.

మా నేతగాళ్లకు ఒక పట్టింపు ఉంది. మగ్గం దేవుడు. చెప్పులు గడప బయటే విడవాలి. బెల్టు పెట్టుకున్నవాడు విప్పి వచ్చి గుంతలో దిగాలి. తోలు మగ్గం దగ్గరికి రాకూడదు. పెద్దవాళ్లు పెట్టారు, మేము మోస్తున్నాం.

"తెల్లారితే గీ ఏళ్లతోనే పట్టు ముట్టాలె. తోలు వద్దు తమ్మీ" అన్నాడు.

"అన్నా, నీ జేబుల పర్సు తోలుది కాదా?"

"గది రెగ్జిన్."

ఇస్రాయేలు సూది పక్కన పెట్టి జంగయ్య ముఖంలోకి చూశాడు. "నా తోలు అంటుతదని భయమా అన్నా, నేను అంటుతనని భయమా?" అన్నాడు.

జంగయ్య తల దించుకున్నాడు. జవాబు చెప్పి ఉంటే ఇంకా సిగ్గుచేటయ్యేది. నేను ఆ ముక్క తీసుకున్నాను. ఊరికి వచ్చాక జంగయ్య ఇంటి గడప బయట, చెప్పులు విడిచే చోటు పైన గోడలో ఒక గూడు ఉంటే అందులో పెట్టాను. "పొయ్యేటప్పుడు తీస్కపో, వచ్చినంక మళ్ల గీడనే పెట్టు. ఇంట్లకు తేకు. నీ దేవునికి ఏం కాదు" అన్నాను. సరేనన్నట్టు తల ఊపాడు. ఎన్నడూ తీసుకుపోలేదు.

తోలు వద్దు, రబ్బరు చెల్లదు, గుడ్డ కనబడుతుంది. మరి ఏం చేయాలి? ఎవరికైనా ఏం తోస్తుందో నాకు తెలియదు కానీ, నేతగాడికి నేతగాడి ఆలోచనే వచ్చింది. వేళ్లను మార్చడం ఎందుకు, తాడునే మారుద్దాం అనుకున్నాడు. మిగిలిన పట్టు పోగులన్నీ కూర్చి, నూనె చేత్తో పేని, విల్లుకు కొత్త తాడు చేశాడు. నాకు తెచ్చి చూపించాడు. సన్నగా, నున్నగా, జడ కుప్పెకు కట్టుకోవచ్చు అన్నంత అందంగా ఉంది.

"పట్టు ముట్టిన చేతిని పట్టు కొయ్యదు తమ్మీ. ముప్పై ఏండ్ల సంది నా ఏళ్లల్ల ఆడింది, నన్నేం జేస్తది?"

నేనూ నమ్మాను. మా పనిలో సన్నదనమే గొప్ప. పోగు ఎంత సన్నగా ఉంటే చీర అంత మెత్తన. ఆ లెక్క మగ్గం మీది లెక్క. విల్లు మీద సన్నతాడు కత్తి అంచు అవుతుందని మా బుర్రలకు తట్టలేదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఆ తాడు కట్టిన ఆదివారం బాణాలు గీత గీసినట్టు పోయాయట. కుండలు వరుసగా పగిలాయట. జనం ఇంకా, ఇంకా అన్నారట. నొప్పి తెలియనంత నున్నగా ఉంది తాడు, అదే మోసం. సాయంత్రం సున్నం కడుక్కుంటుంటే నీళ్లు ఎర్రగా పారాయి. చూపుడు వేలు, నడిమి వేలు కొసల్లో అడ్డంగా గాడి పడింది. పసుపు అద్దుకుని ఇంటికి వచ్చాడు. మరునాడు సావుకారు చట్రం ఇచ్చాడు. అన్ని వారాల తర్వాత వచ్చిన చట్రాన్ని ఎవరు వెనక్కి పంపుతారు? ఆ వేళ్లనే రంగు తొట్టిలో ముంచాడు. రంగుతోపాటు అందులో వేసే మందులు పుండులోకి దిగాయి. వారం తిరిగేసరికి చీము పట్టింది. దవాఖానలో కోసి కట్టు కట్టారు.

విజేందర్ ఫోన్ చేశాడు. పరామర్శకే. "పట్టుతాడు కట్టుమని ఎవడు జెప్పిండు పెద్దాయనా నీకు? నైలాన్ తాడు మేమిచ్చినం గద!" అన్నాడు. ఆ మాట నిజమే. అతని మాటలన్నీ నిజమే ఉంటాయి, అందుకే అతను మేనేజరు.

పుండు మానింది. మానిన చోట చర్మం మందంగా, గట్టిగా, గీతలు గీతలుగా వచ్చింది. జంగయ్య నూనె రాశాడు, వెన్న రాశాడు, ఎవరో చెబితే కలబంద గుజ్జు కట్టుకున్నాడు. ఆ తోలు దిగలేదు. ఖాళీగా కూర్చోలేక మళ్లీ రిసార్టుకు వెళ్లాడు. ఈసారి వేళ్లు నొప్పి పెట్టడం లేదని సంతోషంగా చెప్పాడు.

తర్వాత ఆయన కట్టిన పట్టు నా మగ్గం మీదికి వచ్చింది. పేక కండెలు నాడెలో పెట్టి నేశాను. జానెడు బట్ట దిగింది. చిలుక లేదు. ఆకుపచ్చ మచ్చ ఒకటి ఉంది, దాని చుట్టూ ఎరుపు పాకి ఉంది. నా చేతి తప్పేమోనని విప్పి మళ్లీ నేశాను. మళ్లీ మచ్చే. ఆయనను పిలిచి చూపించాను.

"ముడి వదులైందన్నా."

"గట్టిగనే కట్టిన తమ్మీ."

"కట్టిన అనుకున్నవ్."

ఆయన బట్ట మీద వేలు పెట్టి రాశాడు. ఆ వేలికి బట్టా తెలియడం లేదు, పోగూ తెలియడం లేదు. ముడి ఎంత బిగిసిందో చెప్పేది కన్ను కాదు, వేలి కొసే. ఆ కొస చచ్చిపోయింది. ఆయనకు అప్పుడు అర్థమైంది. గట్టిగా ఏడ్చి ఉంటే బాగుండేది. లేచి, మగ్గానికి దండం పెట్టి, వెళ్లిపోయాడు.

నేను వెనకే వెళ్లాను. శ్యామలమ్మ వదిన గడపలో కండెలు చుడుతోంది. విషయం చెప్పాను. ఆమె ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. కండె నుంచి ఒక పోగు తీసి, ఆనాడు తన తండ్రి లాగినట్టే ఆయన చూపుడు వేలి మీదుగా లాగింది. పోగు తగులుకుంది. ఇంకొంచెం లాగితే తెగింది. నడిమి వేలి మీద లాగింది. అదీ తెగింది. తెగిన ముక్కలు ఆయన వేళ్లకే అంటుకుని ఉన్నాయి. వదిన వాటిని ఒక్కొక్కటిగా ఏరి తీసేసింది.

"మా నాయిన బతికుంటే..." అని మొదలుపెట్టి ఆపేసింది. ఆపిందే మంచిదయింది.

సావుకారు వచ్చి చట్రం తీసుకుపోతానన్నాడు. వదిన అడ్డం నిలబడింది. "నా ఏళ్లు మంచిగున్నయి గద. నేను కడ్త" అంది. ఆడవాళ్లు కండెలు చుట్టాలి, ఆసు పోయాలి, చిటికి లెక్క మాత్రం మగవాళ్లది అని మా వాడలో ఇంకో పట్టింపు. అది మాత్రం ఒక్క పూటలో కూలిపోయింది. ఆకలి ముందర ఏ పట్టింపు నిలిచింది కనుక! తోలు పట్టింపు కూడా అలా ముందే కూలి ఉంటే ఆ మనిషి వేళ్లు మిగిలేవి. మా ఖర్మ, మేము కూలగొట్టేవన్నీ ఆలస్యంగానే కూలగొడతాం.

రిసార్టులో ఈ మధ్య కొత్త బోర్డు పెట్టారు. ఎవరో పెద్దింటి పిల్ల గ్లౌజు లేకుండా తాడు లాగి వేలు కందించుకుంటే వాళ్ల నాయిన గోల చేశాడట. ఇప్పుడు గ్లౌజు లేకుండా ఎవరూ విల్లు ముట్టకూడదు. జంగయ్యకు కూడా ఒకటి ఇచ్చారు, చర్మం రంగుది, ఫోటోలో కనబడదు. ఆయన వేళ్లకు ఇప్పుడు దాని అవసరమే లేదు. అయినా రూలు రూలే కాబట్టి పెట్టుకుంటాడు. వచ్చినవాళ్లకు గ్లౌజులు ఎంచి తొడిగే పని కూడా ఆయనకే అప్పజెప్పారు. ఒక్కొక్కరి చెయ్యి తిప్పి చూసి, "నీ ఏళ్లు ఏం పని జేస్తయి బిడ్డా?" అని అడుగుతాడట. వాళ్లు నవ్వుతారట. ఏం పని చెప్పినా ఉన్నవాటిలో మెత్తటిదే తీసి తొడుగుతాడట. విజేందరే నాకు చెప్పాడు, "మీ పెద్దాయన మస్తు ఫేమస్ అయిండు" అని మెచ్చుకుంటూ.

మొన్న సోమవారం వాళ్ల ఇంటికి వెళ్లాను. లోపల వదిన చట్రం ముందు కూర్చుని చిటికి కడుతోంది. కుదరని లెక్కకు పెదవి కొరుక్కుంటోంది. జంగయ్య గడప బయట, చెప్పుల పక్కన, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చేతిలో ఇస్రాయేలు కుట్టిన ముక్క ఉంది. గూట్లోంచి ఎప్పుడు తీశాడో, దాన్ని బొటనవేలితో నిమురుతున్నాడు.

"మెత్తగున్నది తమ్మీ" అన్నాడు. "నా ఏళ్ల కన్న మెత్తగున్నది."

లోపలి నుంచి వదిన పిలిచింది. "ఏమయ్యా, చట్రం ఒక దిక్కు వంగుతాంది. జర వచ్చి గా అంచు పట్టుకో."

ఆయన కదలలేదు. తన కుడిచెయ్యి ఎత్తి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"నేను రావద్దు" అన్నాడు. "తోలు మగ్గం కాడికి రావద్దు గద."

నా చెప్పులు ఆయన పక్కనే విడిచి, చట్రం పట్టుకోవడానికి నేను లోపలికి పోయాను.